విశ్వాసం అంటే ఏమిటో మా జిమ్మీకి తెలుసు!

తెలుగులో ‘విశ్వాసం’ అనే మాట మనకి రెండు చోట్ల ఎక్కువగా వినిపిస్తుంది. ఒకటి కుక్క విషయంలో, రెండోది చర్చిలో. ‘కుక్కకున్న విశ్వాసం మనిషికి లేదు’ అని అరుగు మీద కూర్చున్న ముసలమ్మ కూడా అంటుంది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు మనల్ని ‘విశ్వాసులారా’ అని పిలుస్తారు. మాట ఒకటే. కానీ రెండు చోట్లా రెండు అర్థాలున్నట్టు నడుచుకుంటాం!

వీధిలో విశ్వాసం అంటే అన్నం పెట్టిన చేతిని మరిచిపోకపోవడం, ఏం జరిగినా వదిలి పోకపోవడం. మరి మన ప్రార్థన కూడికల్లో చాలాచోట్ల విశ్వాసం అంటే ఏమిటి? అడిగింది దొరికి తీరుతుందని గట్టిగా అనుకోవడం. దొరికితే నిలబడి సాక్ష్యం చెప్పాలి. దొరక్కపోతే...? ‘నీ విశ్వాసం చాలలేదమ్మా’ అనే మాట పడాలి. ఆ మాట పడేది కూడా ఎక్కువగా ఆడవాళ్లే. ఎందుకంటే ఉపవాసాలుండేదీ, మోకాళ్ల మీద ఉండేదీ, కన్నీళ్లు పెట్టుకునేదీ ఎక్కువగా వాళ్లే కదా!

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. అరుగు మీది ముసలమ్మ చెప్పే అర్థమే బైబిలుకి దగ్గర. ఆ సంగతి మనకి నేర్పడానికి ఇంట్లో ఒక పెంపుడు కుక్క ఉంటే చాలు.

భక్తిని కుక్కతో పోల్చడమేమిటని కొందరికి కోపం రావచ్చు. కానీ ఆ వింత మన భాషలోనే ఉంది. ‘కుక్క బతుకు’, ‘కుక్క చావు’ అని తిట్టడానికీ కుక్కే కావాలి. విశ్వాసం అనగానే గుర్తొచ్చేదీ కుక్కే. బైబిల్లోనూ అంతే. కర్ర పట్టుకుని ఎదురొచ్చిన దావీదుని చూసి, తనని కుక్కలా చూస్తున్నాడని గొల్యాతు మండిపడతాడు. మెఫీబోషెతు రాజు ముందు వంగి తనని చచ్చిన కుక్కతో పోల్చుకుంటాడు. అయినా సరే, మనతో బతికే జంతువుల్ని చూసి నేర్చుకోమనడానికి బైబిలు వెనకాడలేదు. యెషయా గ్రంథం తెరవగానే ఎద్దు, గాడిద కనిపిస్తాయి. వాటికి తమ యజమాని తెలుసు, మేత పెట్టే చోటు తెలుసు, నా జనానికే నేను తెలియలేదని దేవుడు బాధపడతాడు. దావీదు రాజు ఊరియా భార్యని తెచ్చుకున్నప్పుడు నాతాను ప్రవక్త ఆయనకి చెప్పింది ఒక పెంపుడు గొర్రెపిల్ల కథే. బీదవాడి ముద్దలోంచి తిని, అతని గిన్నెలో తాగి, ఒళ్లో పడుకుని, కూతురిలా పెరిగిన పిల్ల. దాన్ని ఒక ధనవంతుడు లాక్కున్నాడని విన్నాకే రాజుకి కోపం వచ్చింది. ఆ కోపంలోనే తన తప్పు తనకి కనిపించింది.

బిస్కెట్లు ఆగిపోయినా...

మా జిమ్మీ జాతి కుక్కేమీ కాదు. గోధుమ రంగు నాటుకుక్క. 2013 వానాకాలంలో మావారు తెనాలి మార్కెట్ దగ్గర తడుస్తున్న పిల్లని స్కూటరు ముందు పెట్టుకుని తీసుకొచ్చారు. ‘ఇంట్లో మనుషులకే చోటు లేదురా’ అని అత్తయ్యగారు గొణిగారు. నెల తిరక్కుండా ఆవిడే పెరుగన్నం కలిపి పెట్టడం మొదలుపెట్టారనుకోండి!

2016లో మావారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం గుంటూరు వెళ్లాలి. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడ్డాకే తిరిగి రావడం. అంతసేపూ జిమ్మీ గేటు దగ్గరే. అత్తయ్యగారు అన్నం పెడితే తినేది, మళ్లీ గేటు దగ్గరికే పోయేది. మేం ఎక్కడికి వెళ్లామో, ఆయన ఒంట్లోకి సూదులు ఎందుకు గుచ్చుతున్నారో దానికేం తెలుసు? మేం ఆటో దిగేసరికి తోకే కాదు, దాని ఒళ్లంతా ఊగిపోయేది. ఆయన మంచం మీద పడుకుంటే అది కింద చాప మీద పడుకునేది.

జబ్బు పడక ముందు ఆయన రోజూ సాయంత్రం దానికి బిస్కెట్లు తెచ్చేవారు. జబ్బు పడ్డాక అవి ఆగిపోయాయి. బిస్కెట్లు ఆగిపోయాయి కదా అని జిమ్మీ ఆయన దగ్గరికి రావడం మానలేదు. ఈ ఒక్క సంగతీ గుర్తు పెట్టుకోండి. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది.

మేం ప్రార్థించలేదా? ఉపవాసాలున్నాం. సంఘమంతా మా కోసం ప్రార్థించింది. అయినా 2018లో ఆయన వెళ్లిపోయారు. సమాధి చేసిన వారం రోజులకి ఒక బోధకుడు పలకరించడానికి వచ్చి, ‘ఎక్కడో విశ్వాసంలో లోపం ఉండి ఉంటుంది, పరీక్షించుకోండి’ అన్నారు. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఆ మాట ఎలా తగులుతుందో చెప్పాలా? ‘ఏ పూట నేను సరిగ్గా ప్రార్థన చెయ్యలేదే’ అని ఆవిడ ఆ రాత్రంతా రోజులు లెక్కపెట్టుకుంటూ కుర్చీలోనే ఉండిపోయారు. జిమ్మీ వెళ్లి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. తెల్లారేదాకా కదల్లేదు. ఆ రోజు మా ఇంట్లో క్రైస్తవ ధర్మం పాటించింది ఎవరో మీరే చెప్పండి!

దొరకని వాళ్లూ విశ్వాసులే

ఆ బోధకుడి మాట నిజమే అనుకుందాం. మరి గెత్సేమనే తోటలో సంగతేమిటి? ఈ గిన్నె నా నుంచి తొలగించమని యేసు ప్రభువే ప్రార్థించాడు కదా! అది తొలగలేదు. తెల్లవారితే సిలువ. ఆయన విశ్వాసం చాలలేదా? తన ఒంట్లో ముల్లు లాంటి బాధ తీసెయ్యమని పౌలు మూడుసార్లు బతిమాలుకున్నాడు. తియ్యలేదు. పౌలు విశ్వాసం చాలలేదా?

హెబ్రీయులకు రాసిన పత్రికలో పదకొండో అధ్యాయాన్ని విశ్వాసుల చిట్టా అంటారు. మన కూడికల్లో దాని మొదటి భాగం ఎంతో ఉత్సాహంగా చదువుతాం. సింహాల నోళ్లు మూయించినవాళ్లు, కత్తి వాత నుంచి తప్పించుకున్నవాళ్లు... ఇంకొక్క మూడు వచనాలు చదివితే కత్తితో నరికించుకున్నవాళ్లు కనిపిస్తారు! రంపాలతో కోయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లనీ వీళ్లనీ వేరు చెయ్యకుండా అందరినీ విశ్వాసులే అంటుంది ఆ పత్రిక. పైగా అందరూ మంచి పేరు పొందారు గానీ, వాగ్దానం చేసింది మాత్రం వాళ్ల కాలంలో పొందలేదని చివర్లో తేల్చి చెబుతుంది.

మూల భాషల్లోకి వెళ్లినా ఇదే తేలుతుంది. కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలో విశ్వాసానికి ‘పిస్టిస్’ అనే మాట ఉంది. దానికి నమ్మడం అనీ అర్థమే, నమ్మకంగా ఉండడం అనీ అర్థమే. మన తెలుగు మాట లాగే! పాత నిబంధనలోని హెబ్రీ మాట ‘ఎమూనా’. స్థిరంగా ఉండడం, చలించకపోవడం దాని అర్థం. ఈ మాట నిర్గమకాండంలో ఒక చక్కని చోట వస్తుంది. అమాలేకీయులతో యుద్ధం జరుగుతుంటే మోషే కొండ మీద చేతులెత్తి నిలబడ్డాడు. చేతులు బరువెక్కి దిగిపోతున్నాయి. అప్పుడు అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు చేరి ఆ చేతుల్ని పట్టుకున్నారు. సూర్యుడు గుంకేవరకు అవి స్థిరంగా నిలిచాయి. ‘స్థిరంగా’ అనే చోట ఉన్నది ఆ ‘ఎమూనా’ మాటే.

చూశారా! మోషే అంతటివాడి చేతులే అలిసిపోయాయి. అహరోను, హూరు ఆయన్ని ‘నీ చేతుల్లో బలం చాలలేదు’ అనలేదు. చెరో చెయ్యీ పట్టుకున్నారు.

చేపలు కోసేటప్పుడు చూడండి

మరి అడగడం తప్పా అంటారేమో. ఎంత మాత్రం కాదు! అడగడం ఎలాగో కూడా కుక్కే బాగా నేర్పుతుంది. నేను పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తుంటే జిమ్మీ ఎదురుగా కూర్చుంటుంది. కాకి అరిచినా చూడదు, పక్కింటి పిల్లి గోడ దూకినా చూడదు. చూపంతా నా చేతి మీదే.

ఇది కనిపెట్టింది నేను కాదు. ఐదు వందల ఏళ్ల కిందట జర్మనీలో మార్టిన్ లూథర్‌ గారే కనిపెట్టారు. గుంటూరు చుట్టుపక్కల లూథరన్ సంఘాలవాళ్లకి ఆయన పేరు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఫాదర్ హైయర్ గుంటూరు వచ్చిన 1842 నుంచీ ఇక్కడ వినిపిస్తున్న పేరది. లూథర్ విట్టెన్‌బర్గ్‌లో ఉండేవారు. భార్య కేథరీన్ పశువుల్ని, పందుల్ని పెంచి, ఇంట్లో ఉండే విద్యార్థులందరికీ వండి పెట్టేది. భోజనాల దగ్గర ఆయన మాట్లాడిన మాటల్ని ఆ విద్యార్థులే రాసుకున్నారు. ఆయన పోయిన ఇరవై ఏళ్లకి, 1566లో, అవి పుస్తకంగా వచ్చాయి. ఆయనకి టోల్పెల్ అని ఒక కుక్క ఉండేది. ఒకరోజు అది బల్ల దగ్గర మాంసం ముక్క వంక రెప్ప వెయ్యకుండా చూస్తోందట. ఈ కుక్క మాంసాన్ని చూస్తున్నంత శ్రద్ధగా నేను ప్రార్థన చెయ్యగలిగితే ఎంత బాగుండు, దీనికి ఇంకో ఆలోచనే లేదు అన్నారట ఆయన. క్రైస్తవ చరిత్రనే మలుపు తిప్పిన మనిషి ప్రార్థన విషయంలో కుక్కని చూసి ముచ్చటపడ్డాడు!

ఇందులో ఇంకో సంగతి గమనించండి. ముక్క వేసినా వెయ్యకపోయినా రేపు మళ్లీ కత్తిపీట చప్పుడు వినిపించగానే జిమ్మీ వచ్చి కూర్చుంటుంది. నిన్న వెయ్యలేదు కాబట్టి ఈవిడ నాకు యజమానురాలు కాదు అనుకోదు. నిన్న వెయ్యలేదు కాబట్టి నా చూపులో ఏదో లోపం ఉందనీ అనుకోదు. అడుగుతుంది. అంతే.

ఎదురు మాట్లాడిన కనాను స్త్రీ

బైబిల్లో విశ్వాసాన్నీ కుక్కనీ ఒకే చోట చూడాలంటే మత్తయి సువార్త పదిహేనో అధ్యాయం తియ్యండి. అక్కడున్నది ఒక ఆడమనిషే. తూరు, సీదోను ప్రాంతంలో ఒక కనాను స్త్రీ కూతురికి బాగోలేదని యేసు వెనకాల కేకలు వేస్తూ వస్తుంది. ఆయన మొదట పలకడు. ఈమెని పంపించెయ్యమంటారు శిష్యులు. నేను ఇశ్రాయేలు వారి కోసం వచ్చానంటాడు ఆయన. ఆమె కాళ్ల మీద పడుతుంది. పిల్లల రొట్టె తీసి కుక్కపిల్లలకి వెయ్యడం తగదు అనే మాట వస్తుంది. మనలో ఎవరమైనా ఆ మాటతో వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాళ్లం. ఆమె వెళ్లలేదు. నిజమే ప్రభువా, కానీ యజమానుల బల్ల మీద నుంచి పడే ముక్కలు కుక్కపిల్లలు కూడా తింటాయి కదా అంది. ఆ గ్రీకు మాట వీధి కుక్కని కాకుండా చిన్న కుక్కని చెప్పే మాట. బల్ల కింద చోటున్న కుక్క అన్నమాట! ఆమె ఆ చోటుని పట్టుకుంది. నీ విశ్వాసం గొప్పది అని ఆయన అన్నది ఆమెనే. ఒక్క అధ్యాయం ముందు, నీళ్ల మీద నడవబోయి భయపడిన పేతురుకి మాత్రం అల్పవిశ్వాసి అనే మాట పడింది. పన్నెండుమందిలో మొదటివాడికి దక్కని మెప్పు, ఊరూ పేరూ లేని పరాయి ఆడమనిషికి దక్కింది.

ఆమె విశ్వాసం ఎందులో ఉంది? దొరుకుతుందనే ధీమాలోనా? అక్కడ ధీమాకి తావే లేదు. మౌనం, ఛీత్కారం, కాదనడం, మూడూ ఎదురయ్యాయి. అయినా ఆ బల్ల దగ్గర నుంచి లేవకపోవడంలోనే ఆమె విశ్వాసం ఉంది. నోరు మూసుకుని కూడా ఉండలేదండోయ్. వాదించింది!

మొగుడు దేవుడు కాదు

ఇక్కడే ఒక హెచ్చరిక చెయ్యకపోతే ఈ వ్యాసం అపకారం చేస్తుంది. ‘కుక్కలా విశ్వాసంగా పడి ఉండు’ అని ఆడపిల్లలకి చెప్పేవాళ్లు మన ఇళ్లల్లో ఇంకా ఉన్నారు. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గర ఓర్చుకుని ఉండడమే విశ్వాసమని వాక్యం చూపించి మరీ చెబుతారు. నేను చెబుతున్నది అది కాదు. కుక్కలాంటి విశ్వాసం దేవుడికే చెల్లు. ఏ మనిషీ, ఆఖరికి ఏ బోధకుడూ దానికి హక్కుదారు కాదు. పాపం, కుక్కకి మంచి యజమానీ చెడ్డ యజమానీ తేడా తెలియదు. మనకి తెలుసు. తెలివి ఇచ్చింది కూడా ఆ దేవుడే. తన్నే కాలి దగ్గర పడి ఉండమని కనాను స్త్రీ కథ ఎక్కడా చెప్పదు.

ఇంకో తేడా కూడా ఉంది. మహాభారతం తెలిసిన ఇళ్లలో ఇది చెప్పనక్కర్లేదు. స్వర్గం గుమ్మం దాకా వెంట వచ్చిన కుక్కని వదిలి రానన్నాడు ధర్మరాజు. అంటే విశ్వాసం ఒక్క కుక్క పనే కాదు, యజమానిదీ! ఇల్లు మారేటప్పుడు సామాన్లన్నీ లారీకెక్కించి కుక్కని వీధిలో వదిలేసి వెళ్లేవాళ్లని మనం చూడలేదా? దేవుడు అలాంటి యజమాని కాదన్నదే క్రైస్తవుల ఆశంతా. మనం నమ్మదగినవాళ్లం కాకపోయినా ఆయన నమ్మదగినవాడుగానే ఉంటాడని తిమోతికి రాసిన రెండో పత్రిక చెబుతుంది. ఈ మాట నిజమైతే ‘మన విశ్వాసం కొలత ఎంత’ అన్న భయమే అక్కర్లేదు. కుక్కని ఇంట్లో ఉంచేది దాని విశ్వాసం కొలత కాదు, దాన్ని తెచ్చుకున్నవాళ్ల మనసు.

పక్కన కూర్చోవడం చాలు

కథోలిక బైబిల్లో తోబీతు గ్రంథం ఉంది. ప్రొటెస్టెంట్ సంఘాల బైబిల్లో సాధారణంగా అది ఉండదు. అందులో తోబియా అనే కుర్రాడు దూరదేశం బయల్దేరతాడు. తోడుగా రఫాయేలు దేవదూత మనిషి రూపంలో వెళతాడు. వాళ్ల వెంట ఒక కుక్క కూడా వెళుతుంది. దాని పేరు లేదు, రంగు లేదు. అది దయ్యాన్ని తరమలేదు, చేప పట్టలేదు, ఎవర్నీ బాగు చెయ్యలేదు. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి అది వెంట ఉందని మాత్రం రాసి ఉంది. నాకు ఆ గ్రంథంలో అన్నిటికన్నా ఇష్టమైంది ఆ కుక్కే. వెంట ఉండడం కూడా ఒక పనే అని రాసినాయనకి తెలుసు.

యోబు స్నేహితులకీ మొదట తెలుసు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు పక్కన ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత నోరు విప్పారు. నీలో ఏదో లోపం ఉండే ఉంటుందని మొదలుపెట్టారు! చివరికి దేవుడికి కోపం వచ్చింది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద.

ప్రభువు కూడా గెత్సేమనేలో శిష్యుల్ని అద్భుతాలు చెయ్యమనలేదు. ఇక్కడే ఉండి నాతో పాటు మెలకువగా ఉండండి అన్నాడు. వాళ్లు అది కూడా చెయ్యలేక నిద్రపోయారు. మా అత్తయ్యగారి పాదాల దగ్గర తెల్లవార్లూ ఉన్న జిమ్మీ గుర్తొస్తే, ఆ తోటలో అలాంటి ప్రాణి ఒక్కటైనా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

జిమ్మీ ఇప్పుడు ముసలిదైంది. కళ్లు మసకలు కమ్మాయి. అత్తయ్యగారి అడుగుల చప్పుడు పట్టుకుని ఆవిడ వెనకాలే తిరుగుతూ ఉంటుంది.

కాబట్టి నేను కోరేది ఒక్కటే. మీ సంఘంలో ఏ ఇంట్లోనైనా ప్రార్థన ఫలించక మనిషి పోయినా, పిల్లలు కలక్కపోయినా, జబ్బు నయం కాకపోయినా ఆ ఇంటికి తప్పకుండా వెళ్లండి. క్యారేజీలో కాస్త అన్నం, పప్పు పట్టుకెళ్లండి. సింకులో గిన్నెలుంటే తోమిపెట్టండి. పిల్లల్ని స్కూల్లో దింపండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. దేవుడి మీద అలిగితే అలగనివ్వండి. కనాను స్త్రీ వాదించలేదా? చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోండి, అంతే చాలు. ‘విశ్వాసం చాలలేదు’ అనే మాట మాత్రం చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్లండి.